వాలి బూడిద

హంపి వెళ్ళొచ్చినవాళ్ళు రాతిరథం గురించి చెబుతారు, ఏనుగుల కొట్టాల గురించి చెబుతారు, మాతంగ పర్వతం మీంచి తీసిన సూర్యోదయం ఫోటోలు చూపిస్తారు. విఠ్ఠలాలయానికి తూర్పున ఓ మైలు దూరంలో నింబాపురం అనే చిన్న ఊరుందనీ, దాని పక్కన ఒక బూడిద దిబ్బ ఉందనీ, అది వాలిని దహనం చేసిన చోటని అక్కడివాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారనీ నాకు చెప్పినవాళ్ళు మాత్రం ఇంతవరకూ తగల్లేదు. నేను దాని సంగతి తెలుసుకుంది పుస్తకాల్లోనే. అదీ రామాయణం గురించిన పుస్తకాల్లో కాదు, పశువుల గురించిన పుస్తకాల్లో.

ఆ దిబ్బ హరిహరరాయలు, బుక్కరాయలు రాజ్యం పెట్టడానికి కనీసం రెండున్నర వేల ఏళ్ళ ముందుది. కృష్ణా తుంగభద్రల మధ్య, వాటికి అటూ ఇటూ, బళ్ళారి, రాయచూరు, అనంతపురం, పాలమూరు ప్రాంతాల్లో ఇలాంటివి వందకు పైగా గుర్తించారు. క్రీ.పూ. 3000 నుంచి 1200 వరకూ, అంటే మన దగ్గర ఇనుము ఇంకా రాని రోజుల్లో, నున్నగా నూరిన రాతి గొడ్డళ్ళతో బతికిన మనుషులు పోసిన దిబ్బలివి. ఈజిప్టులో పిరమిడ్లు కట్టిన కాలంలోనే ఇక్కడ మనవాళ్ళు బూడిద పోగేశారన్నమాట. వినడానికి కాస్త నామోషీగా ఉంటుంది. అందుకేనేమో, స్కూల్లో మాకు పిరమిడ్ల పాఠం ఉంది, వీటి పాఠం లేదు.

మాది రాయదుర్గం. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్ళారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మాత్రం ఇటొచ్చాయి, మిగతావి మైసూరుకు పోయాయి. గీత పడింది గానీ మా ఇళ్ళల్లో ఆ గీత ఎవరికీ పెద్దగా పట్టలేదు. పెళ్ళిబట్టలకి బళ్ళారి, ఆసుపత్రికి బళ్ళారి, సినిమాకి బళ్ళారి. అమ్మకి కన్నడం తెలుగంత బాగా వచ్చు. అయినా డెబ్భై ఏళ్ళ దగ్గరికొచ్చిన ఆవిడ హంపి ఒక్కసారే చూసింది, అదీ పెళ్ళైన కొత్తలో, నాయనతో. పోయిన మాఘంలో నాయన సంవత్సరీకం అయిపోయింది. ఏడాదిపాటు గుడి గడప తొక్కని మనిషి, కర్మ అయిపోయిన మూడో రోజున, "విరూపాక్షుణ్ణి చూసొద్దాం పదరా" అంది. నేను బెంగళూరులో మేనేజరుకి రెండు రోజులు సెలవని మెయిలు పెట్టి కారు తీశాను. నింబాపురం సంగతి అమ్మకి ముందు చెప్పలేదు. దారిలో చెబుదాంలే అనుకున్నాను.

విరూపాక్ష దర్శనం, విఠ్ఠలాలయం గురించి ఇక్కడ రాయను. వాటి గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నాకన్నా బాగా రాసినవాళ్ళు. అమ్మ మోకాళ్ళు సహకరించినంత మేరకు చూశాం.

రెండో రోజు పొద్దున కమలాపురంలో ఒక ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు ముప్ఫై ఏళ్ళ కుర్రాడు. నింబాపురం అనగానే "అక్కడేముంది సార్?" అన్నాడు. నేను బూడిద దిబ్బ అన్నాను. అర్థం కాలేదు. అమ్మ కన్నడంలో వాలి పేరెత్తగానే, "ఓ, వాలిని కాల్చిన చోటా? అలా చెప్పండమ్మా" అని ఆటో స్టార్ట్ చేశాడు. పుస్తకంలోని పేరుతో అడిగితే దొరకని చోటు, కథలోని పేరుతో అడిగితే దొరికింది. నాలుగువేల ఏళ్ళుగా దానికున్న అడ్రసు ఆ కథే కాకపోవచ్చు, కానీ ఇప్పుడు పనిచేస్తున్న అడ్రసు మాత్రం అదే.

చూడగానే నోరు తెరిపించే చోటు కాదు, ముందే చెబుతున్నాను. పొలాలు, అరటి తోటలు, వాటి వెనకాల ఎవరో తీరిగ్గా పేర్చినట్టుండే హంపి గుండ్లు. మధ్యలో ముళ్ళకంప, సర్కారు తుమ్మ పెరిగిన ఒక పాలిపోయిన మిట్ట. దూరం నుంచి చూస్తే మామూలు మట్టిదిబ్బే. దగ్గరికెళ్ళాక రంగు తేడా తెలుస్తుంది. చుట్టూ ఎర్రమట్టి, నల్లమట్టి, దిబ్బ మాత్రం సున్నం కలిసిన బూడిద రంగు. కాలి కింద కరకరమంటుంది. ఒక పెళ్ళ చేతిలోకి తీసుకుంటే రాయి అనుకున్నది రాయంత బరువుండదు. చిల్లులు చిల్లులుగా, ఒకవైపు గాజులా మెరుస్తూ, కొలిమి దగ్గర పారేసిన చిట్టెంలా ఉంటుంది. (చూసి అక్కడే పెట్టేశాను. తెచ్చుకోకూడదు, ఎవరూ తేవొద్దు.)

అమ్మ చెట్టునీడన ఒక గుండు మీద కూర్చుని చాలాసేపు దిబ్బను చూసింది. తర్వాత అడిగింది:

"ఏమిరా, ఏరు ఇంత దగ్గర పెట్టుకోని అస్థికలు నీళ్ళల్లో కలపలేదా వాళ్ళు?"

నేను ఇంటర్నెట్లో దొరికిన వ్యాసాలన్నీ చదివాను. న్యూబోల్డు నుంచి నిన్నమొన్నటి రేడియోకార్బన్ తేదీల దాకా. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. వాలి అనేవాణ్ణి ఇక్కడే కాల్చి ఉంటే, తుంగభద్ర నడిచిపోయేంత దగ్గరలో ఉంటే, కొడుకు అంగదుడు పక్కనే ఉంటే, తమ్ముడు రాజై కూర్చుంటే, ఆ బూడిద ఇక్కడెందుకు మిగలాలి? మా నాయన అస్థికలు అదే నదిలో, కింద మంత్రాలయం దగ్గర, మూడోరోజే కలిపేశాం. ఆ కుండ బరువు నా చేతులకి ఇంకా గుర్తుంది. ఎంత తక్కువుంటుందో అది.

వాల్మీకి కిష్కింధకాండలో ఈ ఘట్టం వివరంగానే ఉంది. వాలి శవాన్ని పల్లకీలాంటి పాడె మీద మోసుకెళ్ళి, కొండవాగు ఒడ్డున ఇసుకలో వానరులు చితి పేరుస్తారు. అంగదుడు నిప్పు పెడతాడు. తర్వాత అందరూ నదికి పోయి నీళ్ళు వదులుతారు. అంటే కావ్యం లెక్క ప్రకారం చితి ఉండాల్సింది ఇసుక ఒడ్డున. ఇక్కడున్నది కాలవగట్టు మీది మిట్ట. స్థలపురాణాలు ఇలాంటి చిన్న చిన్న తేడాలు పట్టించుకోవు. ఇక్కడ అన్నీ అలాగే ఉంటాయి. సీతమ్మ చీరచెంగు ఒరుసుకుపోయిన చారలని రాతిమీద చూపిస్తారు. ఆంజనేయుడు పుట్టిన కొండ, శబరి ఎదురుచూసిన గుహ, పంపా సరస్సు అన్నీ ఒక అరపూటలో చూసెయ్యొచ్చు. రామాయణం ఇక్కడ పుస్తకం కాదు, ఊరి మ్యాపు.

అమ్మకి అప్పుడు చెప్పాను, ఇది మనిషి బూడిద కాదమ్మా, ఆవుపేడ బూడిద అని.

దీని వెనక నూటయాభై ఏళ్ళ పంచాయితీ ఉంది. కొంచెం ఓపిక పడితే చెబుతాను, ఎందుకంటే ఈ వివాదం నాకు మన సాహిత్య చర్చల్లాగే అనిపించింది. అందరూ ఒకే వస్తువును చూస్తారు, ఎవరికి తెలిసిన పని వాళ్ళకి అందులో కనిపిస్తుంది.

మద్రాసు సైన్యంలో పనిచేసిన కెప్టెన్ న్యూబోల్డు 1836లో బళ్ళారి దగ్గర కుడతిని దిబ్బను చూసి, 1843లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వీటి మీద రాశాడు. అది అగ్నిపర్వతం తాలూకు బూడిదా, సున్నపు బట్టీలా, ఇటుకల బట్టీలా అన్న ఊహలు అప్పటికే ఉన్నాయి. తర్వాత లోహాలు కరిగించిన చోట్లన్నవాళ్ళొచ్చారు. విజయనగర రాజులు చచ్చిపోయినప్పుడు సామూహికంగా సతీసహగమనం చేయించిన చితులన్న వాదన కూడా వచ్చింది. విదేశీ యాత్రికుల రాతలు చదివి తలనిండా సతి నింపుకున్నవాళ్ళకి బూడిద కనిపిస్తే సతే గుర్తొస్తుంది మరి. ఇంతమంది మధ్య రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త (1863లో మద్రాసు దగ్గర పల్లావరంలో పాతరాతియుగపు గొడ్డలిని గుర్తించిన ఆయనే) ఇది కాలిన పేడ అన్నాడు. కొత్తరాతియుగపు పశుపాలకులు మందలు కట్టేసిన దొడ్లు, వాటిలో పోగుపడిన పేడ కాలితే మిగిలిన బూడిద. చాలామంది నమ్మలేదు. పేడ కాలితే గాజెలా అవుతుంది?

అవుతుంది. గడ్డిలో ఇసుకలో ఉండే సిలికానే సన్నగా ఉంటుంది. ఆవు గడ్డిని అరిగించుకుంటుంది గానీ సిలికాని అరిగించుకోలేదు. పేడ కాలిన బూడిదలో క్షారం ఉంటుంది. ఈ రెండూ ఒకచోట ఉండి, కుప్ప పెద్దదై, లోపల వేడి బయటికి పోకుండా రోజుల తరబడి కాలితే కరిగి గాజవుతుంది. 1960 ప్రాంతంలో జాయినర్ అనే శాస్త్రవేత్త ఈ పెళ్ళల్ని పరీక్షించి ఫుట్ మాటే నిజమని తేల్చాడు. అప్పటికి ఫుట్ పోయి దాదాపు యాభై ఏళ్ళు. ఇప్పుడు బళ్ళారిలో ఒక మ్యూజియం ఆయన పేరు మీద, సంగనకల్లు పేరు మీద ఉంది.

అంతకుముందే, 1957లో, ఎఫ్. రేమండ్ ఆల్చిన్ మన పాలమూరు జిల్లా ఉట్నూరులో ఒక దిబ్బను తవ్వాడు. నాకీ కథ మొత్తంలో అన్నిటికన్నా నచ్చిన భాగం అక్కడ దొరికింది. కర్రలు పాతి కట్టిన దడి గుంతలు. దడి కాలిపోవడం, మళ్ళీ కట్టడం, మళ్ళీ కాలడం, పొర మీద పొర. ఆ పొరల్లో ఒకచోట పశువుల గిట్టల గుర్తులు. పేడలో దిగబడిన గిట్టలు, ఆ మీద నిప్పు, ఆ మీద బూడిద. నాలుగువేల ఏళ్ళ కింద ఓ సాయంత్రం దొడ్లోకి తోలిన ఎడ్లో ఆవులో అలా తొక్కి నిలబడ్డాయి. నేను రోజూ పనిచేసేది వెర్షన్ కంట్రోల్ అనే వ్యవస్థతో. ఎవరు, ఎప్పుడు, ఏ లైను మార్చారో అన్నీ అందులో ఉంటాయి. అయినా ఆరునెలల కింద నేనే రాసిన కోడు ఎందుకలా రాశానో నాకే తెలీదు. ఉట్నూరు పొరల్లోనూ ఏం జరిగిందో అంతా ఉంది, ఎందుకో లేదు.

ఆల్చిన్ మాత్రం ఎందుకో చెప్పడానికి ప్రయత్నించాడు. 1963లో వచ్చిన ఆయన పుస్తకం, దక్షిణ భారతపు కొత్తరాతియుగ పశుపాలకుల గురించి రాసినది, చివరికొచ్చేసరికి తవ్వకాల రిపోర్టులా ఉండదు. హోళీ, దీపావళి, సంక్రాంతి మంటల దగ్గరికి పోతుంది. పశువుల్ని మంటల మీంచి దాటించే ఆచారాలన్నీ ఏకరువు పెడతాడు. మైసూరు వైపు ఇప్పటికీ సంక్రాంతి సాయంత్రం గడ్డి పరిచి నిప్పంటించి ఎద్దుల్ని దాని మీంచి దూకిస్తారు. దొడ్డిని తగలబెట్టడం కూడా అలా ఏటా, లేదా కొన్నేళ్ళకొకసారి, మందను ఒకచోటి నుంచి ఇంకోచోటికి తోలే ముందు చేసిన పండగేమో అని ఆయన ఊహ. పుస్తకం వచ్చిన మరుసటేడు ఇదే మనిషి తులసీదాసు కవితావళిని ఇంగ్లీషులోకి అనువదించి వేశాడు, ఆ తర్వాత 1966లో వినయపత్రికను. పగలు పేడదిబ్బలు తవ్వి రాత్రిళ్ళు రామభక్తి కవిత్వం చదివాడో ఏమో. ఒక పని ఇంకో పనికి అడ్డమని ఆయనకి అనిపించినట్టు లేదు. వాలి బూడిద అన్న మాట విని ఆయన నవ్వి ఉండడని నా నమ్మకం.

ఆల్చిన్ ఊహని అందరూ ఒప్పుకోలేదు. 1990లలో కర్ణాటకలోని బూదిహాళ్‌లో చాలా ఏళ్ళు తవ్విన కట్రగడ్డ పద్దయ్య, మన తెలుగాయనే, పుణె దక్కన్ కాలేజీలో పనిచేశారు, ఇవి ఏడాదికొకసారి వచ్చిపోయే మందల మకాములు కావనీ, మనుషులు స్థిరంగా కాపురమున్న ఊళ్ళనీ చూపించారు. దొడ్డి పక్కన ఇళ్ళు, పశువుల్ని కోసిన చోటు, రాతి పనిముట్లు చేసుకున్న చోటు అన్నీ అక్కడ దొరికాయి. పేడ కాల్చడం శుభ్రం కోసం కూడా కావచ్చు. 2004లో పీటర్ జొహాన్సన్ అనే ఆయన ఇంకో మాటన్నాడు. కాలిపోగా మిగిలినవని కాదు, కావాలని ఎత్తుగా పోసిన కట్టడాలుగా వీటిని చూడాలని. అంటే ఇవి చెత్తకుప్పలు కావు, గుడిగోపురాల పూర్వీకులు. నాకు ఈ మాట బాగా నచ్చింది, కాకపోతే నచ్చింది కాబట్టే కొంచెం అనుమానంగా కూడా ఉంది. మనకి మన చరిత్ర గొప్పగా కనబడాలన్న ఆశ ఉంటుంది కదా, పిరమిడ్ల ముందు నామోషీ పడ్డవాళ్ళకి మరీను.

ఈ గొడవంతా అమ్మకి చెప్పలేదు. పేడ బూడిద, ఊరివాళ్ళు దొడ్లు తగలబెట్టేవాళ్ళు, అంతవరకే చెప్పాను. అమ్మ నమ్మకపోవడం ఏమీ లేదు. కానీ ఆవిడకొచ్చిన సందేహాలు పురావస్తు శాస్త్రవేత్తలకొచ్చినవే.

"ఎరువుకు పనికొచ్చేదాన్ని ఊరికే ఎవడన్నా తగలబెడతాడా? మడికి తోలుకుంటారు గానీ."

నేను, వాళ్ళకి వ్యవసాయం కొంచెమే, ఉలవలు, పెసలు, అండుకొర్రలు వేసుకునేవాళ్ళట అన్నాను. (ఆ అండుకొర్రలే ఇప్పుడు మా అపార్ట్‌మెంటు కింది సూపర్‌మార్కెట్లో బాస్మతికన్నా ఖరీదు. నాలుగువేల ఏళ్ళ కింద పేదవాడి తిండి, ఇప్పుడు షుగరొచ్చిన సాఫ్ట్‌వేరువాడి తిండి.)

"అయితే రోగమొచ్చింటాది. గొంతువాపో గాలికుంటో వచ్చి గొడ్లు చచ్చింటాయి. దొడ్డంతా కాల్చి పక్కకి పోయింటారు. మా తాతోళ్ళ ఊర్లో అట్లనే చేసినారంట ఒకసారి."

పశురోగం వాదన కూడా పుస్తకాల్లో ఉందని చెబితే అమ్మ మొహంలో పెద్ద ఆశ్చర్యమేమీ కనపడలేదు. గొడ్లు తెలిసినవాళ్ళు ఎవరైనా అదే అంటారు కదా అన్నట్టు చూసింది.

కాసేపాగి అసలు మాట అంది. "పిడకలంటే పేడే కదరా. మీ నాయన్ని కాల్చింది కూడా పిడకలతోనే కదా."

మా వైపు కట్టెలు తక్కువ, పిడకలు ఎక్కువ. ఆరోజు ఊరి చివర వంకలో పేర్చింది ఎక్కువ భాగం పిడకలే. పొగ ఎలా ఉండిందో, ఎంతసేపు కాలిందో నాకు తెలుసు, కొరివి పెట్టినవాణ్ణి నేనే. అమ్మ చూడలేదు, ఆడవాళ్ళని రానివ్వరు. ఇంట్లో కూర్చున్న ఆవిడకి పొగ కనిపించి ఉంటుందేమో, ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఎవరిదో కాని బూడిద ముందు కూర్చుని, ఏడాదిగా ఇద్దరం తప్పించుకు తిరిగిన మాటలు మాట్లాడుకున్నాం. ఎంతసేపు కాలింది, వాన పడిందా, తల దగ్గర ఎవరున్నారు, ఇట్లాంటివి. అవన్నీ ఇక్కడ రాసేవి కావు.

ఆ తర్వాత నాకు తట్టింది, పేడ బూడిద అన్నంత మాత్రాన చితి కథ కొట్టుకుపోదని. ఊరివాళ్ళు చెప్పేదాన్ని కొంచెం పక్కన నిలబడి వినండి. ఇది బూడిద అంటారు, అగ్నిపర్వతం అనలేదు, సున్నపు బట్టీ అనలేదు. ఎవరో కావాలని పెట్టిన మంట అంటారు. వంటపొయ్యి మంట కాదు, నలుగురూ చేరి పెట్టిన పెద్ద మంట. గుళ్ళకన్నా, రాజులకన్నా పాతది అంటారు. ఈ మూడూ నిజాలే. న్యూబోల్డు కాలపు దొరల ఊహల్లో మూడూ కలిసి ఉన్నది ఒక్కటీ కనపడదు. ఊరివాళ్ళు చెప్పినదాంట్లో ప్రయోగశాల మార్చింది ఒక్క సంగతే, కాలింది ఎవరు అన్నచోట ఏమిటి అని.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఇలా అన్నానో లేదో, చూశారా రామాయణం రుజువైంది, వాలి బూడిదకి కార్బన్ డేటింగ్ చేశారు అని ఒక వీడియో తయారవుతుంది. వాట్సాపులో ఈపాటికే ఉండే ఉంటుంది. అది రుజువు కాదు. కార్బన్ చెప్పేది ఏ గడ్డి ఎప్పుడు పెరిగిందో మాత్రమే, దాన్ని మేసిన ఆవు ఎవరి మందలోదో చెప్పదు. అలాగే, పల్లెటూరివాళ్ళు పేడదిబ్బను పట్టుకుని వాలి అంటారు అని నవ్వేవాళ్ళని కూడా నేను ఆఫీసు క్యాంటీన్లో చూశాను. ఆ నవ్వేవాళ్ళల్లో దిబ్బని చూసినవాడు ఒక్కడూ లేడు. ఈ రెండు జట్లలో దేనికీ నా ఓటు లేదు.

లేచేముందు అమ్మకి ఇంకో చిక్కొచ్చింది. పేడ బూడిదైతే అది విభూతే. గోమయాన్ని కాల్చి చేసేదే విభూతి, విరూపాక్షుడి గుళ్ళో నిన్న నుదుటికి పెట్టుకున్నది అదే. మరి వాలిదైతే శ్మశానం. నుదుటికి పెట్టుకోవాలా, కాళ్ళు కడుక్కోవాలా? ఆవిడ చాలా సీరియస్‌గానే అడిగింది. నేను నీ ఇష్టం అన్నాను. ముట్టుకోలేదు. ఒంగి, చెయ్యి దిబ్బ దాకా తీసుకెళ్ళి, ముట్టకుండా గాల్లోనే కళ్ళకద్దుకుంది. రూముకొచ్చాక మాత్రం తలస్నానం చేసింది. నన్నూ చేయమంది. చేశాను.

తిరుగు ప్రయాణంలో కుడతిని దగ్గర ఆగాం. హోస్పేట నుంచి బళ్ళారి వచ్చే దారిలో, బళ్ళారికి ఓ 20 కిలోమీటర్ల ముందు. న్యూబోల్డు చూసిన దిబ్బ ఇక్కడి కనుమలో ఉంది. ఆ చోటుకి పేరే బూది కనుమ. బూదన్నా బూడిదన్నా ఒకటే, భాషలు వేరైనా. ఇక్కడ కథ రామాయణానిది కాదు. భీముడు చంపిన హిడింబాసురుణ్ణి కాల్చిన బూడిద ఇది. నింబాపురం కిష్కింధ పక్కన ఉంది కాబట్టి దానికి వాలి దొరికాడు. ఇక్కడ కొండలూ అడవీ ఉన్నాయి కాబట్టి రాక్షసుడు దొరికాడు. ఒకే రకం దిబ్బకి ఊరికో శవం. కానీ గమనించారా, రెండుచోట్లా కాలినవాడు గెలిచినవాడు కాదు. చెట్టుచాటు బాణం తగిలి పడ్డవాడొకడు, తన అడవిలోకి వచ్చినవాళ్ళ చేతిలో చచ్చినవాడొకడు. రాముడికీ భీముడికీ గుళ్ళున్నాయి, పాదముద్రలున్నాయి. ఓడిపోయినవాళ్ళకి మాత్రం ఈ దిబ్బలు. ఎవరు ఇలా పంచారో తెలీదు, అడవుల్లో మందలు మేపుకున్నవాళ్ళ దిబ్బలు చివరికి వాలికీ హిడింబుడికీ రావడం నాకు న్యాయంగానే అనిపించింది.

కుడతినిలో ఇంకో బూడిద కూడా ఉంది. బళ్ళారి థర్మల్ పవర్ స్టేషన్ ఉన్నది ఈ ఊళ్ళోనే. 1700 మెగావాట్లు. బొగ్గు కాల్చగా వచ్చే బూడిదని నీళ్ళతో కలిపి చెరువుల్లాంటి గుంతల్లోకి వదులుతారు. పాత బూడిద కొండకి, కొత్త బూడిద చెరువుకి మధ్య నాలుగువేల ఏళ్ళ తేడా, కారులో కొన్ని నిమిషాలు. బెంగళూరులో నా ల్యాప్‌టాప్ నడిచే కరెంటులో ఇక్కడిదీ కొంత ఉండే ఉంటుంది. ఇంకో నాలుగువేల ఏళ్ళకి ఈ రెండో బూడిదని చూసి ఏ అసురుడి పేరు పెడతారో.

ఆ నాలుగువేల ఏళ్ళదాకా మొదటి బూడిద మిగులుతుందా అన్నది వేరే విషయం. చాలా దిబ్బలు ఇప్పటికే సగం పోయాయి. పొలాలకి మంచి ఎరువని రైతులు బండ్లకొద్దీ, తర్వాత ట్రాక్టర్లకొద్దీ తోలుకుపోయారు. అమ్మ అన్నమాటే, ఎరువుకి పనికొచ్చేదాన్ని ఎవరు వదిలేస్తారు? వాళ్ళని నేను తప్పుపట్టలేను. కానీ ఇక్కడికి దగ్గర్లోనే సంగనకల్లు, కుప్పగల్లు కొండలున్నాయి. ఆ కొండల మీద కొత్తరాతియుగంవాళ్ళు ఎద్దుల బొమ్మలు చెక్కారు, కొడితే గంటల్లా మోగే రాళ్ళు ఉన్నాయి, గొడ్డళ్ళు తయారుచేసిన కార్ఖానా ఉంది. వాటిని కంకర కోసం పగలగొట్టడం మాత్రం ఎరువు తోలుకోవడం లాంటిది కాదు. అంతటి దెబ్బ తగలని దిబ్బల్లో కొన్నిటిని కాపాడింది చట్టమో కథో చెప్పడం కష్టం. వాలిని కాల్చిన చోటి నుంచి బూడిద తెచ్చి వరిమడిలో పోసుకోవడానికి కొంతమందికైనా చెయ్యి రాకపోయి ఉంటుంది. అలా అనుకోవడం నాకిష్టం.

బళ్ళారి దాటాక అమ్మ పిన్నికి ఫోన్ చేసింది. దర్శనం బాగా అయిందని, నా కారు నడపడం గురించి నాలుగు ఫిర్యాదులు, మోకాళ్ళ సంగతి. ఆ తర్వాత, "వాలిని కాల్చినచోటు కూడా చూసొచ్చినాం లేవే. కట్టెల్లేవంట పాపం, అంతా పిడకలేనంట. ఎన్ని గొడ్లుండింటాయో ఏమో వాళ్ళకి!" అంది.